స్విచ్చి మీద ప్లాస్టరు

"పాత వీడియో గేములు గొప్పవా, కొత్తవి గొప్పవా మేడం?" అని కౌశిక్ ఒక మధ్యాహ్నం అరుంధతి గారిని అడిగాడు.

అడిగాడన్న మాటేగానీ, జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. పాతవే గొప్పవి. చస్తే మళ్ళీ మొదటికి రావాలి. నేర్చుకున్నది చేతుల్లో ఉంటే ఉంది, లేకపోతే లేదు. కొత్త ఆటలు ఆడినంతవరకూ అడుగడుగునా సేవ్ చేసిపెట్టి మనిషిని చంటిపిల్లాడిలా బుజ్జగిస్తాయని అతని ఫిర్యాదు. తను పుట్టేనాటికే పాత ఇనుముకి వెళ్ళిపోయిన యంత్రాల మీద కుర్రవాడికి అంత ప్రేమ ఎలా పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ ఔనంటే చాలు, తను తయారుచేస్తున్న ఆటలోంచి సేవ్ అనేదాన్ని పీకి పారేద్దామని కాచుకుని ఉన్నాడు.

అరుంధతి గారు ఒకప్పుడు కాకినాడలో వీడియో గేముల పార్లరు నడిపారు. ఇప్పుడు అదే హాల్లో కౌశిక్ లాంటివాళ్ళకి ఆటలు తయారుచేయడం నేర్పుతున్నారు. ఒక గోడవారగా టీవీలు, వాటికి తగిలించి ఆడే కొత్త కన్సోళ్ళు ఉంటాయి. ఎదురుగోడకి పార్లరు నాటి పాత ఆట యంత్రం ఒక్కటి మిగిలింది. కరెంటు ఆగితే చాలు, ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్ళ పేర్లు ఆ యంత్రం మరిచిపోతుంది. అందుకని ఆ రోజుల్లో పార్లరు మూసి ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా దాన్ని ఆపేవారు కాదు. ఎవరి చెయ్యీ పొరపాటున పడకుండా స్విచ్చి మీద అంటించిన ప్లాస్టరు ఇప్పటికీ అలాగే ఉంది. ఇక ఆవిడ అలవాటు ఏమిటంటే, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. "ఉండు, చూద్దాం" అని తన పనిలో పడిపోతారు. ఆ పూట కౌశిక్‌కీ అదే దక్కింది.

అతను ఇంకా మొహం ముడుచుకునే ఉండగా నాగేంద్ర వచ్చాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఈ పార్లర్లోనే పెరిగిన మనిషి. ఇప్పుడు టైల్స్ షాపు, నెరిసిన మీసం. ఒక కన్సోలుని తువ్వాల్లో చుట్టి, జ్వరం వచ్చిన పిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. వెంట కూతురు హంసిని వచ్చింది, పదో తరగతి. ఆ పిల్ల లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, వీధి వైపు తిరిగి నిలబడింది.

"అక్కా, ఇందులో పోయింది ఒకటి వెనక్కి తేవాలి," అన్నాడు నాగేంద్ర.

"ఏం పోయిందిరా?"

"ఇల్లు." అని గొంతు తగ్గించాడు. "పిల్ల పుట్టినరోజని కొత్త గేము కొన్నానక్కా. ఎక్కిద్దామంటే చోటు లేదని చూపించింది. పాత ఆట తాలూకు సరుకేదో నిండా ఉంటే తీసేశాను. మళ్ళీ మొదట్నుంచి ఆడుకుంటుందిలే అనుకున్నాను. మనం రోజూ మొదట్నుంచి ఆడలేదా?"

ఆ తీసేసిన సరుకు, హంసిని వాళ్ళ నాయనమ్మతో కలిసి కట్టిన ఇల్లు. పెద్దావిడ మంచాన పడ్డాక సాయంత్రాలు దిండుకి ఆనుకుని కూర్చుని, వణికే వేళ్ళతో రిమోటు పట్టుకుని, మనవరాలు చెప్పినట్టు తెర మీద నేల తవ్వి పూలమొక్కలు నాటేది. ఆటలో వాటి పేరు ఏదైనా కానీ, ఆవిడకి మాత్రం అవి బంతిపూలే. ఆవిడ పోయి ఏడాది తిరగలేదు. పూలు మాత్రం పూసి ఉండేవి. హంసిని బడి నుంచి రాగానే ముందు వాటిని చూసుకునేది. పొద్దంతా షాపులో ఉండే నాగేంద్రకి ఇదేమీ తెలియదు. తెలిసేసరికి కూతురు అతనితో మాట్లాడటం మానేసింది.

"నాలుగు తిట్టినా బాగుండునక్కా. తిట్టడం కూడా లేదు," అన్నాడు.

అరుంధతి గారు కన్సోలుని టీవీకి తగిలించి చాలాసేపు వెతికారు. కౌశిక్ కూడా తనకి తెలిసిన దారులన్నీ తొక్కి చూశాడు. చివరికి ఆవిడ రిమోటు కింద పెట్టి, "రాదురా," అన్నారు. గుమ్మంలో ఉన్న పిల్లకి ఆ మాట వినపడింది. వెనక్కి తిరగలేదు గానీ, భుజాలు కిందికి జారాయి.

కౌశిక్ నోరు ఊరుకోదు కదా. "ఆటంటే అంతేనండి. పోతే మళ్ళీ మొదలు..." అంటూ అందుకున్నాడు. అరుంధతి గారు ఒక్క చూపు చూశారు. మిగతాది మింగేశాడు.

ఆవిడ నాగేంద్ర వైపు తిరిగారు. "ఆ యంత్రంలో పై పేరు నీదిగా ఉన్నప్పుడు కరెంటు పోయింది. గుర్తుందా?"

అంత దిగులులోనూ నాగేంద్ర నవ్వేశాడు. "గుర్తులేకేం! ఆ పూట అన్నం ముట్టలేదు. మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని నీ దగ్గరికే లాక్కొచ్చింది. 'వాడి పేరు మళ్ళీ పెట్టెయ్యమ్మా, తిండి మానేశాడు' అంది."

"నేనేమన్నాను?"

"రాదన్నావు."

"అప్పుడు ఆవిడ ఏం చేసింది?"

నాగేంద్ర నవ్వు ఆగిపోయింది. పాత యంత్రం వైపు చూసి, "స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది," అన్నాడు. "నేను మళ్ళీ ఆడుతుంటే చూస్తూ కూర్చుంది. ఏమీ అర్థం కాలేదు ఆవిడకి. ఆ రోజు నా పేరు ఎక్కనేలేదు. అయినా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను."

నాగేంద్ర తనే రిమోటు తీసుకుని, ఆ ఇల్లు కట్టిన ఆటనే మొదట్నుంచి మొదలుపెట్టాడు. పాత యంత్రం మీద ఒక్క కర్ర తిప్పిన చేతులకి ఇన్ని బటన్లు ఎక్కడ లొంగుతాయి? తెర మీద అతని మనిషి ఆకాశం చూస్తూ గుండ్రంగా తిరిగాడు, చెట్టుని గుద్దుకున్నాడు, తిన్నగా వెళ్ళి ఏట్లో పడ్డాడు. కౌశిక్ సాయం చేయబోతే అరుంధతి గారు చొక్కా పట్టుకుని ఆపారు. నాగేంద్ర ఎలాగో గట్టెక్కి, ఒడ్డునే నేల తవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కడ కాదు," అంది హంసిని గుమ్మంలోంచి.

నాగేంద్ర వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు మళ్ళీ ఆగిపోతుందేమోనని భయపడ్డాడు.

"ఏటి పక్కన వద్దు. ఎత్తు మీద కట్టమంది నాయనమ్మ. వరదొస్తుందట."

"ఆటలో కూడానా?"

"నేనూ అదే అన్నాను. వింటేనా?"

నాగేంద్ర తన మనిషిని తిప్పలుపడి గుట్ట ఎక్కించాడు. "మరి పూలు?" అని అడిగాడు.

"గుమ్మానికి రెండు పక్కలా," అనబోయింది ఆ పిల్ల. అక్కడే నిలబడి ఏడ్చింది. తర్వాత లోపలికి వచ్చి, మొహం తుడుచుకుని, స్టూలు లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది.

"ఇది ఆ ఇల్లు కాదు నాన్నా."

"కాదమ్మా," అన్నాడు నాగేంద్ర. రిమోటు ఆమె ముందు పెట్టాడు.

హంసిని దాన్ని చేతిలోకి తీసుకుని, ఏమనుకుందో మళ్ళీ అతనికే ఇచ్చేసింది. "నువ్వే తవ్వు. ఎక్కడ తవ్వాలో నేను చెప్తాను."

కౌశిక్‌కి కళ్ళు చెమర్చాయి. అయినా అడిగిన ప్రశ్న అడిగినట్టే మిగిలిపోయింది కదా. వాళ్ళకి వినపడకుండా టీవీ వెనకనించి అరుంధతి గారి దగ్గరికి జరుగుతూ, "మరి పాతవా మేడం, కొత్తవా?" అని గుసగుసగా అడిగాడు.

ఆవిడ చూపు తెర మీంచి తిప్పకుండానే అన్నారు: "కాలు చూసి వెయ్యి నాయనా. అక్కడ కన్సోలు కరెంటు వైరుంది."