అయినట్టే ఉన్న గట్టు

ఇప్పలకోన అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, ముంగిసలు, కోతులు, కుందేళ్లు ఉండేవి. అడవి మధ్యగా ఒక వాగు పారేది. వేసవిలో అది ఉందా లేదా అన్నట్టుండేది. వానాకాలం వస్తే మాత్రం పల్లంలోకి పొంగి, కుందేళ్ల బొరియలన్నీ ముంచేసేది.

ఒక ఏడు జంతువులన్నీ కూడి, మృగశిర కార్తె వచ్చేలోగా వాగు ఒడ్డున గట్టు కట్టాలనుకున్నాయి. ముంగిస మట్టి తవ్వాలి. ఎలుగుబంటి రాళ్లు మోయాలి. కోతి ఆ రాళ్ల సందుల్లో బంకమట్టి కూరాలి. మరి పని చేయించేదెవరు?

"ఇంకెవరు? నేనే," అంది దుప్పి. దాని కొమ్ములు అడవిలో అన్నిటికంటే పెద్దవి. గట్టు కట్టించడానికి కొమ్ములెందుకో నాకు తెలియదు గానీ, అన్నీ సరేనన్నాయి.

దుప్పి ఒక బండ ఎక్కి నిలబడింది. బురదలో దిగితే గిట్టలు పాడవుతాయని కిందికి రాలేదు. తాను చెప్పిన చోట తప్ప ఎక్కడా రాయి వేయకూడదని హుకుం జారీ చేసింది.

మూడో రోజున ముంగిస బండ దగ్గరికి వచ్చింది. "దుప్పి మామా, వాగు మలుపు దగ్గర అంతా ఇసుకే. అక్కడ మట్టి ఆగడం లేదు. ముందు పెద్ద రాళ్లు పడాలి," అంది.

దుప్పికి కోపం వచ్చింది. "మూడు రోజులు కాలేదు, అప్పుడే ఏడుపా? చేతకాకపోతే చెప్పు, ఇంకొకరిని పెట్టుకుంటాను!" అని అందరి ముందూ కసిరింది.

ముంగిస తల దించుకుని వెళ్లిపోయింది. పాపం, అది చెప్పింది నిజమే. ఆ రోజు నుంచి దుప్పితో ఎవరూ కష్టం చెప్పుకోలేదు.

రోజూ సాయంత్రం దుప్పి బండ మీది నుంచే అరిచేది. "ఎలుగు బావా, రాళ్లు అయ్యాయా?"

"అయినట్టే బావా!"

"కోతి తమ్ముడూ, సందులు పూడ్చావా?"

"పూడ్చినట్టే అన్నా!"

"ముంగిసా, మట్టి పని?"

"అయినట్టే మామా," అనేది ముంగిస కూడా.

అయినట్టే అంటే అయిందని కాదు. ఇంకా కాలేదని చెప్పడానికి భయపడేవాళ్లు ఆ మాట అంటారు. మీకూ తెలుసు, హోంవర్కు సంగతి అమ్మ అడిగినప్పుడు మీరూ అనే ఉంటారు. దుప్పి చెవులకు మాత్రం "అయింది" అనే వినబడింది.

మలుపు దగ్గర ముంగిస రాళ్ల కోసం ఎదురుచూసింది. దుప్పి చెప్పలేదని ఎలుగుబంటి అటు పోలేదు. రాళ్లే లేని చోట కోతికి పని లేదు. చివరికి ముంగిస ఇసుక మీదే మట్టి పోసింది. పైనుంచి చూస్తే అదీ గట్టులాగే ఉంది.

కార్తెకు నాలుగు రోజుల ముందు ఒక కుందేలు వచ్చింది. దానికి అప్పుడే ముగ్గురు పిల్లలు పుట్టారు. "దుప్పన్నా, పిల్లలు ఇంకా నడవలేరు. ఎందుకైనా మంచిది, మెట్ట మీదికి మార్చుకోనా?" అని అడిగింది.

"ఎందుకమ్మా శ్రమ? గట్టు అయిపోయింది. నిశ్చింతగా ఉండు," అంది దుప్పి.

కుందేలు నమ్మింది. నమ్మడం దాని తప్పు కాదు.

మృగశిర రెండో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. వాగు ఎర్రగా పొంగి వచ్చింది. రాళ్లున్న చోట గట్టు నిలిచింది. మలుపు దగ్గర ఒక్క తోపుకు కొట్టుకుపోయింది. మేతకు వెళ్లిన కుందేలు పరుగెత్తుకు వచ్చేసరికి బొరియ ఉన్న చోట నీళ్లే ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కరూ మిగల్లేదు.

"అయిందని నాతో చెప్పారే!" అని దుప్పి అందరి మీదా అరిచింది.

"నిజం దాచాను. నాదీ తప్పే," అని ముంగిస ఏడ్చింది.

కుందేలు దుప్పి వైపు చూసింది. "అయిపోయిందని నాకు చెప్పేముందు, ఒక్కసారైనా వెళ్లి చూశావా అన్నా?"

బండ నుంచి మలుపుకు నూరు అడుగులు కూడా లేవు.

మరుసటి ఏడు పని ముంగిసకు అప్పగించాయి. అది రోజూ గట్టు పొడుగునా నడిచేది. "అయిందా?" అని అడిగేది కాదు. "ఇంకా ఏం మిగిలింది? నీకేం కావాలి?" అని అడిగేది. "ఇక్కడ కుంగుతోంది," అని కోతి చెబితే, "ఇప్పుడే చెప్పి మంచిపని చేశావు," అని వెంటనే ఎలుగుబంటిని పిలుచుకొచ్చేది. దుప్పి కూడా బురదలో దిగి రాళ్లు నెట్టింది. ఆ వానాకాలం పల్లంలో ఒక్క బొరియా తడవలేదు.

దుప్పి మెట్ట మీదికి వెళ్లింది. ఆ కుందేలు అక్కడే ఒంటరిగా ఉంటోంది. "తల్లీ, గట్టు నిలిచింది. ఈసారి దగ్గరుండి చూశాను. కిందికి రా," అంది.

"మంచిది అన్నా. మిగతావాళ్ల పిల్లలైనా బతికారు," అంది కుందేలు. కిందికి మాత్రం రాలేదు.

నీతి: కాలేదని చెప్పినవాళ్లను కసిరేవాడికి నిజం చెప్పేవాళ్లు మిగలరు; పని చేయించేవాడు అడిగి ఊరుకోకూడదు, వెళ్లి కళ్లారా చూడాలి.