సెలవు పుచ్చుకోని డిస్కు

లోకనాథం పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుని డిస్కుకు కేబులు పెట్టాడు. తీశాడు. అంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఏం చేసినా తెర మీద అదే మాట: 'ఇంతకు ముందు వాడిన సిస్టం ఈ డిస్కును ఇంకా విడిచిపెట్టలేదు. తెరవడం కుదరదు.'

ఆ డిస్కులో గవరయ్య గురువుగారి తత్వాలున్నాయి. నాగావళి ఒడ్డున తన ఇంటి అరుగు మీద ఆయన తంబుర మీటుతూ పాడినవి. ఆయనకు ఆయన గురువు నోటితో చెప్పినవి. ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు, ఇంకెవరికీ పూర్తిగా రావు. లోకనాథం ఏళ్ల తరబడి ఆయన దగ్గర శిష్యరికం చేస్తూ ఒక్కొక్కటే రికార్డు చేసి దాచాడు. దాచింది ఈ ఒక్క డిస్కులోనే.

ఇప్పుడతను ఉంటున్నది గవరయ్యగారి దగ్గర కాదు. వానలు మొదలైనప్పటి నుంచి నదికి ఇవతల, కొండ మీద ఉన్న చిన్న బౌద్ధ విహారంలో ఉంటున్నాడు. అక్కడున్న భిక్షువు ఒక్కరే. పేరు సుమన. అందరూ ఆయన్ని గౌరవంగా భంతే అని పిలుస్తారు. ధర్మం చదువు చెప్పమని లోకనాథం ఎన్నిసార్లు అడిగినా, ఆయన చూద్దాంలే అంటూ వస్తున్నారు.

నిన్న సాయంత్రం భంతే ఆనపకాయ పాదుకు నీళ్లు పోస్తూ, "నీకు తత్వాలు వచ్చట కదా, ఒకటి వినిపించకూడదూ?" అని అడిగారు.

"ఒకటేమిటి భంతే, మొత్తం ఉన్నాయి నా దగ్గర!" అన్నాడు లోకనాథం. అక్కడితో ఆగలేదు. విహారం లాప్‌టాప్ ముసలి ఎద్దులా నడుస్తోందనీ, దాన్లో ఉన్న పాత ఆపరేటింగ్ సిస్టంని తానే తుడిచేసి ఉచితంగా దొరికే కొత్తది ఎక్కించాననీ, ఇక చూడండి గుర్రమేననీ చెప్పాడు.

"రేపు పొద్దున వింటాను అయితే," అన్నారు భంతే సంబరంగా.

ఆ రేపు పొద్దున వచ్చేసింది. భంతే కూడా వచ్చేశారు. చాప పరుచుకుని, వినడానికి సిద్ధంగా కూర్చుని, లోకనాథం మొహం వంక చూశారు.

"ఏం నాయనా, పాడైందా?"

"పాడవలేదు భంతే. మొండికేసింది."

"దానికేం కష్టం వచ్చింది?"

లోకనాథం కాసేపు మెడ గోక్కున్నాడు. "గురువుగారింట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఈ డిస్కు దానికి ఉండేది. వచ్చేసేటప్పుడు నేను దాన్ని పూర్తిగా ఆపలేదు, నిద్రపుచ్చానంతే. చేతిలో పని చేతిలో ఉండగానే అది కన్ను మూసింది. నేను డిస్కు ఊడబెరుక్కుని వచ్చేశాను. అది లేచి, ఆ పని ముగించి, ఇక నాకు దీనితో అవసరం లేదు అంటే తప్ప ఈ కొత్త సిస్టం డిస్కును ముట్టుకోనంటోంది."

"పద్ధతి తెలిసినదే పాపం."

"పద్ధతి కాదు భంతే, చాదస్తం! మనదాంట్లో పాత సిస్టమే ఉంటే అడక్కుండా తెరిచేసేదేమో."

"మరి దారేమిటి?"

"ఒక కమాండ్ ఉంది." లోకనాథం మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. "అది కొడితే, అక్కడ నిద్రపోతున్నదాన్ని చచ్చిపోయిందని లెక్కగట్టి డిస్కు తెరిచేస్తుంది. మీరు ఊ అంటే కొట్టేస్తాను."

"దాని చేతిలో ఉన్న పని?"

"అది పోతుంది."

"ఏమిటా పని?"

"గుర్తు లేదు భంతే. ఏదో ఒకటి. ఇన్ని పాటల్లో ఒక ముక్క పోతే పోయింది."

"మిగతావన్నీ భద్రమేనా?"

"చాలావరకు భద్రమే," అన్నాడు, మెల్లగా.

"ఇంకో దారి లేదా?"

"ఉందిలెండి. అక్కడికే తీసుకెళ్లి, ఆ కంప్యూటర్‌కే పెట్టి, లేపి, సరిగ్గా మూయడం."

"దూరమా?"

"వంతెన దాటితే వచ్చేస్తుంది. కానీ బండిలో పెట్రోలు లేదు."

భంతే లేచి లోపలికి వెళ్లారు. వచ్చాక ఏదో ఉపదేశం చెబుతారని లోకనాథం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పులు తొడుక్కుని వచ్చారు. లాప్‌టాపూ డిస్కూ సంచిలో పెట్టి భుజానికి తగిలించుకున్నారు. చెట్టు కింద ఉన్న బండి దగ్గరికెళ్లి ట్యాంకు మూత తీసి, లోపలికి తొంగి చూశారు. బండిని అటూ ఇటూ ఊపి, లోపల నిండుగా తొణికిన చప్పుడు విని తృప్తిగా తలాడించారు. మూత బిగించి, వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నారు.

బండి స్టాండు మీదే ఉంది. ముందు తోలేవాడు లేడు. అయినా ఆయన ప్రయాణం మొదలైనట్టే, గాలికి కళ్లు చిట్లించుకుని దారి వంక చూస్తున్నారు.

లోకనాథం నవ్వాపుకుంటూ తాళంచెవి తేవడానికి పరిగెత్తాడు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. బండి నెమ్మదించింది. "భంతే, నేనక్కడి నుంచి చెప్పకుండా వచ్చేశాను," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"ఊ."

"ఆ రాత్రి ఊళ్లో వాళ్లంతా ఉన్నారు. గురువుగారు ఎప్పుడూ పాడని తత్వం ఒకటి ఎత్తుకున్నారు. ఒళ్లు మరిచిపోయి విన్నాను. పాట అయ్యాక చూస్తే మైకు ఆన్ అయినట్టు లేదు. మళ్లీ ఒకసారి పాడండి గురువుగారూ అన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? పాటేటి ఇడ్లీయేట్రా, ఇంకో వాయి దించడానికి అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఇన్నేళ్లు సేవ చేసినవాడిని పట్టుకుని..."

వెనక నుంచి ఏదో వణుకు సీటు గుండా తెలుస్తోంది. భంతే నవ్వుతున్నారు.

"మీరు కూడానా!" అన్నాడు లోకనాథం ఉక్రోషంగా.

"బాగుంది నాయనా, ఏం చేయను?" అన్నారు భంతే, కళ్లు తుడుచుకుంటూ. "బండి పోనీ."

గవరయ్యగారు అరుగు మీద కూర్చుని తంబుర తీగ బిగిస్తున్నారు. బండి చప్పుడుకు తల ఎత్తి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశారు.

"ఎవులూ? లోకనాథమేనేటి?"

లోకనాథం వీధిలోనే నిలబడిపోయాడు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గాలికి పోయాయి. నోటికొచ్చింది అనేశాడు. "కంప్యూటర్‌తో చిన్న పనుండి వచ్చానండి."

"అలాగలాగ!" అన్నారు గవరయ్యగారు. ఇంట్లోకి తిరిగి కేకేశారు. "పైడీ! కంప్యూటర్ని సూడ్డానికి సుట్టాలొచ్చినారు. లోపల కూకోబెట్టి మంచినీళ్లియ్యి!" తర్వాత భంతేని చూసి గబగబా లేచి రెండు చేతులూ జోడించారు. "తమరు మా కాడికొచ్చినారు కదా బాబూ? రండి, ఇలా రండి. ఆడి పని ఆడు సూసుకుంటాడు."

గురువుగారి భార్య పైడమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. లోకనాథాన్ని ఎగాదిగా చూసింది. "సిక్కిపోనావురా," అని, "కొండ మీద ఏటి తింతన్నావు?" అంది. జవాబు కోసం ఆగకుండా లోపలి గదిలోకి నడిచింది.

కంప్యూటర్ మీద ఆమె పాత చీర మడత కప్పి ఉంది. ఆ మడత తీస్తే, తెర పైన చెక్కుచెదరని కుంకుమబొట్టు.

"దసరాకి ఎట్టినాను," అంది పైడమ్మ. "అంతకు మించి ముట్టనేదు బాబూ. నువ్వు పడుకోబెట్టి ఎళ్లినావు గదా, నానేదైనా నొక్కితే నిద్దర సెడిపోద్దేమోనని. ఆ గది తుడిసినప్పుడు కూడా మెల్లగానే తుడిసినాను."

లోకనాథం తల వంచుకుని డిస్కు తగిలించాడు. మీట నొక్కాడు. పాత యంత్రం గురగురమంది, దగ్గింది, ఒళ్లు విరుచుకున్నట్టు కాసేపు తంటాలు పడింది. తెర వెలిగింది.

అతను వదిలి వెళ్లిన రాత్రి వదిలినట్టే ఉంది. రికార్డింగ్ కిటికీ తెరిచే ఉంది. దాంట్లో పొడుగ్గా, ఎత్తుపల్లాలతో, ఒక ఆకుపచ్చ గీత. అడుగున ఒక ప్రశ్న: 'దీన్ని దాచమంటారా?'

మైకు ఆ రాత్రి ఆన్‌లోనే ఉంది.

వినిపించే మీట నొక్కాడు. ముందు తంబుర. ఆ తర్వాత గురువుగారి గొంతు. లోకనాథం నేల మీద చతికిలబడిపోయాడు. పైడమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి.

పాట అయ్యాక డబ్బాలోంచి ఒక కుర్రగొంతు కంగారుగా అంది: "గురువుగారూ, మైకు ఆన్ కానట్టుంది, మళ్లీ ఒకసారి పాడండి!"

"పాటేటి ఇడ్లీయేట్రా, ఇంకో వాయి దించడానికి?"

డబ్బాలో ఊరంతా నవ్వింది. అరుగు మీద గవరయ్యగారు, తన మాటకు తానే, ఆ రోజు కన్నా గట్టిగా నవ్వారు. భంతే సరేసరి. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లోకనాథం బిగబట్టి చూశాడు, వల్ల కాలేదు. పక్కటెముకలు నొప్పెట్టేలా నవ్వాడు.

పాట దాచాడు. ఒక్కొక్క కిటికీ మూశాడు. ఈసారి నిద్రపుచ్చలేదు, పూర్తిగా ఆపాడు. లోపలి చక్రం తిరుగుడు తగ్గి తగ్గి ఆగింది. దీపం ఆరింది. అప్పుడు డిస్కు తీసి లాప్‌టాప్‌కు పెట్టాడు.

కొత్త సిస్టం ఒక్క మాట అనలేదు. పాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"తెరుచుకుంది భంతే! అన్నీ ఉన్నాయి!" అని అరుగు మీదకి పరిగెత్తుకొచ్చాడు.

"ఉంటే ఉన్నాయి గానీ ముందు కూడు తినండి," అంది పైడమ్మ. "బాబుగారు మజ్జేనం దాటితే ముట్టరంట కదా." మెంతికూర పప్పు, వంకాయ కాల్చిన పచ్చడి. భంతే కోరి కోరి వేయించుకున్నారు. గవరయ్యగారు లోకనాథం ఆకులో పచ్చడి అయిపోయినప్పుడల్లా భార్య వంక చూసి కనుసైగ చేశారు. అతన్ని మాత్రం ఏమీ అడగలేదు.

భోజనాలయ్యాయి. లోకనాథం కేబులు చుట్టి సంచిలో పెట్టాడు. సంచి బండికి తగిలించి, బండి స్టార్టు చేసి, "పని అయిపోయింది భంతే, బయల్దేరదామా?" అన్నాడు.

భంతే అరుగు మీంచి కదల్లేదు. స్తంభానికి ఆనుకుని హాయిగా కూర్చున్నారు.

"భంతే?"

"డిస్కు సెలవు పుచ్చుకుంది నాయనా," అన్నారు ఆయన.

బండి కాసేపు అలాగే టకటకమంటూ నిలబడింది. తర్వాత ఆగింది.

గవరయ్యగారి శిష్యుల్లో ఒక ఆనవాయితీ ఉంది. వెళ్లేవాడు గడప బయట నిలబడి సెలవుపాట ఎత్తుకోవాలి. గురువు లోపల నుంచి అందుకుని ముగించాలి. గురువు ముగించనిదే శిష్యుడు కదలకూడదు. శిష్యుడు ఎత్తుకోనిదే గురువు ఎదురుచూడటం మానకూడదు.

లోకనాథం చెప్పులు విడిచి గడప ముందు నిలబడ్డాడు. గవరయ్యగారు లేచి, తంబుర తీసుకుని, గడప లోపల కూర్చున్నారు. తీగ పలికింది.

"వాకిలి దాటేవాడా... వెనుదిరిగి ఓసారి చూడరా..."

లోకనాథానికి రెండో పాదం రాలేదు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. వంటింట్లోంచి పైడమ్మ, గిన్నెలు తోముతూనే, "దీపమెట్టిన సేతికి..." అని అందించింది.

"దీపమెట్టిన చేతికి ఓ దండమెట్టి పోరా..."

అతను వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. లోపల నుంచి ముసలి గొంతు, తొందరపడకుండా, అందుకుంది.

"పెట్టిన దీపం వెంటే వచ్చును... చీకటి పడితే చూడరా..."

తంబుర పక్కన పెట్టిన చప్పుడైంది. నెత్తి మీద చెయ్యి పడింది.

"ఇప్పుడెల్లు," అన్నారు గవరయ్యగారు. "ఎల్లి, ఒస్తండు."

తిరుగుదారిలో వంతెన మీదకి వచ్చేసరికి నాగావళి నిండా ఎండ తళతళలాడుతోంది. వెనక నుంచి వీచిన గాలికి భంతే కాషాయం రెపరెపలాడి లోకనాథం భుజం మీద పడింది. అతను దాన్ని పక్కకు తీయబోయి, తీయకుండా, నవ్వుకుంటూ అలాగే తోలాడు.

"లోకనాథం," అన్నారు భంతే వెనక నుంచి.

"భంతే?"

"రేపటి నుంచి చదువు మొదలుపెడదాం."