తలుపు వేసుకుని తినే రాజ్యం

అనగా అనగా, అందరికీ అన్నీ ఉండి, ఎవరికీ ఏదీ అరగని రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు రత్నకూటం. ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం. అన్నం వేళ కాగానే ఇంటింటా తలుపులు మూసేవారు, కిటికీలు బిగించేవారు. ఎవరి దిష్టి తగులుతుందోనని భయం. మొగుడొక గదిలో, పెళ్లామొక గదిలో కూర్చుని గబగబా మింగేసి, మూతి తుడుచుకుని, ఏమీ తిననట్టు బయటికి వచ్చేవారు. వైద్యులకు మాత్రం క్షణం తీరిక ఉండేది కాదు.

ఆ రాజ్యానికి రాజు కీర్తిసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, కత్తి పడితే ఎదురులేదు. నడిపివాడు రణసేనుడు, గుర్రమెక్కితే ఎవరికీ దొరకడు. చిన్నవాడు మధుసేనుడు. వాడికేం వచ్చు అంటారా? వాడికి ఏడవడం వచ్చు. పెద్దన్నను చూసి ఏడ్చేవాడు, చిన్నన్నను చూసి ఏడ్చేవాడు, పెరట్లో పిల్లి ఎండలో హాయిగా పడుకుంటే దాన్ని చూసి కూడా ఏడ్చేవాడు. భోజనం వేళ తన పళ్లెం వదిలేసి, జయసేనుడి గది తలుపు సందులోంచి తొంగిచూసేవాడు. అన్నకే ఎక్కువ వడ్డించారనిపించేది. ఇక ఆ రోజంతా కడుపుమంట. అలా కుళ్లి కుళ్లి పిల్లవాడు ఎండుపుల్లలా తయారయ్యాడు.

రాజుగారికి దిగులు పట్టుకుంది. కొడుకులను పిలిచి, ఏడు సముద్రాల మధ్య మూడు దీవులున్నాయని, అక్కడివాళ్లు తొంభై ఏళ్లకు కూడా నవ్వుతూ పని చేసుకుంటారని, ఆ రహస్యం తెచ్చినవాడికే పట్టం కడతానని చెప్పాడు. జయసేనుడు వెళ్లాడు. ఏడాది గడిచింది, తిరిగి రాలేదు. రణసేనుడు వెళ్లాడు. మరో ఏడాది గడిచింది, అతడూ రాలేదు. మధుసేనుడు బెంగపడ్డాడనుకుంటున్నారా? లేదు. రహస్యం దొరికి వాళ్లిద్దరూ అక్కడే సుఖపడుతున్నారని ఇంకాస్త కుళ్లుకున్నాడు. మరునాడే తనూ బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఇంత పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. తనకంటే కష్టంలో ఉన్నవాళ్లంటే మధుసేనుడికి చాలా ఇష్టం. అందుకని జాలిపడి దాన్ని తిరగేశాడు. తాబేలు దండం పెట్టి, ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకెళ్తానంది. రాజుగారి వంటింటి పెరట్లో ఎన్నేళ్లు అరిచినా మెతుకు దొరకని ఒక కాకి కూడా వచ్చి దాని వీపు మీద వాలింది. ముగ్గురూ బయలుదేరారు.

రెండు సముద్రాలు దాటితే మంచుదీవి వచ్చింది. అక్కడివాళ్లు ఉన్ని బట్టలు కడతారు, మేకలను తోలుకుని కొండలెక్కుతారు, బార్లీ రొట్టె తింటారు. తొంభై ఏళ్ల ముసలమ్మ తనకంటే ముందు కొండెక్కేసరికి మధుసేనుడికి కళ్లు కుట్టాయి. మీరు తినే మందేమిటని అడిగితే వాళ్లు నవ్వారు. రొట్టె పెట్టారు, తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు. పొద్దున్నే ఎవరూ చూడకుండా బార్లీ మూట ఎత్తుకుపోయాడు. మందు అందులోనే ఉందనుకున్నాడు. తాబేలు వీపు మీద ఒంటరిగా నములుతుంటే గొంతులో అడ్డం పడింది.

మరో రెండు సముద్రాలు దాటితే చేపలదీవి. అక్కడివాళ్లకు మొలకు గుడ్డే బట్ట, పడవే ఇల్లు. మంచుదీవి వాళ్ల మాట వీళ్లకు తెలియదు, వాళ్ల దేవుడు వీళ్లకు తెలియదు. కానీ వీళ్లూ పాడుతూ వల లాగుతారు, వీళ్లూ పిల్లల్లా నిద్రపోతారు. అక్కడా కడుపు నిండా తిన్నాడు, అక్కడా హాయిగా నిద్రపోయాడు, అక్కడా ఎండుచేపల బుట్ట ఎత్తుకుపోయాడు. సముద్రం మీద అదీ గొంతు దిగలేదు.

కాకి ఇక ఊరుకోలేదు. "చిన్నదొరా, తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను పోయిందట, ఎదుటివాడికి ఉందని ఏడిస్తే రెండో కన్నూ పోయిందట. నీకింకా రెండూ ఎలా మిగిలాయో" అంది.

ఇంకో రెండు సముద్రాలు దాటితే ఇసుకదీవి. ఒంటెపాలు, ఖర్జూరాలు వాళ్ల తిండి. రాత్రి విందు అయింది. తెల్లవారుజామున మధుసేనుడు ఖర్జూరాల సంచి భుజాన వేసుకుని మెల్లగా జారుకుంటుంటే, ఆ దీవి నాయకుడి కూతురు సైకతి ఎదురొచ్చింది.

"అడిగితే మేమే కట్టి ఇచ్చేవాళ్లం కదా" అంది.

మధుసేనుడికి తల కొట్టేసినట్టయింది. సంచి దించి, తమ రాజ్యం కథంతా చెప్పాడు. తలుపులు వేసుకుని తింటారని వినగానే సైకతి నోరు తెరిచింది. "తినేముందు గుమ్మంలో నిలబడి, ఆకలిగా ఉన్నవాళ్లు రండి అని పిలవరా? మరి ఎవరితో తింటారు? రాత్రి నువ్వు కూర్చున్న చోటు నీకోసమని ఉంచిందనుకున్నావా? అది రోజూ ఉంచుతాం, ఎవరొస్తే వాళ్లది."

అప్పుడు గుర్తొచ్చింది మధుసేనుడికి. మంచుదీవిలోనూ ఎవరో గుమ్మంలో నిలబడి పిలిచారు. చేపలదీవిలోనూ పడవ అంచున నిలబడి పిలిచారు. ఏ భాషలో పిలిచినా, ఏం వండినా, ఖాళీ చోటు ఒకటి ఉంచి పిలిచారు. మూడుచోట్లా ఆ చోట్లో కూర్చున్నది తనే. పక్కవాళ్ల పళ్లాలు చూడడంలో పడి ఆ సంగతి గమనించలేదు.

రహస్యం దొరికింది. ఆనందంతో గంతులేస్తూ ఒడ్డుకు వచ్చాడు. అప్పుడు కాకి, ఆ దీవి కాకుల దగ్గర విన్న అసలు విషయం చెప్పింది. ఏడో సముద్రంలో ధూమ్రకంఠుడనే మాంత్రికుడి కోట ఉంది. మూడు వందల ఏళ్లుగా అతడికి తిండి రుచించదు. ఈ దీవులవాళ్లను చూసి ఏడుస్తుంటాడు. దారిలో దొరికిన జయసేనుణ్ణీ రణసేనుణ్ణీ పట్టుకుని రహస్యం చెప్పమన్నాడు. చెప్పలేకపోతే రాళ్లుగా మార్చేశాడు. అతడి ప్రాణం ఇనుప పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక కోట దాటితే మాంత్రికుడూ లేడు, మంత్రమూ లేదు.

"ఇంటికా, కోటకా?" అని అడిగింది తాబేలు.

మధుసేనుడు లోలోపల లెక్క వేసుకున్నాడు. అన్నలు లేకపోతే పట్టం తనదే. అడిగేవాడు ఉండడు, పోల్చేవాడు ఉండడు. సిగ్గుపడుతూనే అన్నాడు, "ఇంటికి."

ఒక సముద్రం వెనక్కి వచ్చారు. మధ్యాహ్నమైంది. సైకతి కట్టి ఇచ్చిన ఖర్జూరాలు ముందు పెట్టుకున్నాడు. ఇంటికెళ్లాక ఎలా తింటానా అని ఆలోచించాడు. జయసేనుడి గది ఖాళీ. తొంగిచూస్తే చీకటి. రణసేనుడి గదీ అంతే. ఒక్క ఖర్జూరం కూడా నోట్లో పెట్టబుద్ధి కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి మాత్రం వేరే ఏడుపు.

"వెనక్కి తిప్పు" అన్నాడు. "కుళ్లుకోవడానికైనా అన్న ఉండాలి కదా."

కోటలో బంగారు పళ్లెం ముందు ధూమ్రకంఠుడు చిటపటలాడుతూ కూర్చున్నాడు. గోడ వారగా రెండు రాళ్లు, వాటికి అన్నల ముఖాలు. రహస్యం చెప్పకపోతే నువ్వు మూడో రాయివి అన్నాడు మాంత్రికుడు.

మధుసేనుడు దాచకుండా చెప్పేశాడు. "అయ్యా, తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి, ఆకలిగా ఉన్నవాళ్లను పిలవాలి. ఎవరైనా వచ్చి పక్కన కూర్చునేదాకా తినకూడదు, తలుపు మూయకూడదు."

ఆ దీవులవాళ్లకు దక్కింది తనకెందుకు దక్కకూడదని మాంత్రికుడికి ఉక్రోషం. లేచి తలుపు తెరిచి పిలిచాడు. ఆ గొంతు వినగానే చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. రెండోసారి పిలిచాడు. నీళ్లలోని చేపలు అడుక్కి పోయాయి. మూడోసారి పిలిచాడు. లోపలి గదిలోంచి చిన్న గొంతు వినిపించింది.

"నేనొస్తాను. నాకు ఆకలిగా ఉంది" అంది చిలక.

మాంత్రికుడు తటపటాయించాడు. పంజరాన్ని తెచ్చి పక్కన పెట్టుకుంటే చాలదా అని అడిగాడు. పంజరంలో ఉన్నది ఖైదీ అవుతుంది గానీ అతిథి ఎలా అవుతుందని మధుసేనుడు అన్నాడు. అవతల దీవుల్లో నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఇక ఓర్చుకోలేక మాంత్రికుడు మెళ్లోని తాళంచెవి తీసి పంజరం తెరిచాడు. చిలక వచ్చి పళ్లెం పక్కన కూర్చుని ఒక మెతుకు తింది. అతడొక ముద్ద తిన్నాడు. మూడు వందల ఏళ్ల తర్వాత మొదటిసారి అన్నం తియ్యగా తగిలింది. పాపం, కళ్లు మూసుకుని నమిలాడు. అదే అదను. బయట కాకి కావుమంది, చిలక తలుపులోంచి ఎగిరిపోయింది. మాంత్రికుడు దాని వెంటపడి, పైకి చూస్తూ పరుగెత్తి, పరుగెత్తి, సముద్రంలో పడి నురగలా కరిగిపోయాడు. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని లేచాయి.

దారిలో ఇసుకదీవిలో ఆగారు. అన్నం వేళ తలుపులు తెరిచి ఉంచుతానని మాట ఇచ్చాకే సైకతి మధుసేనుడితో పెళ్లికి ఒప్పుకుంది.

రత్నకూటంలో కొలువు తీరింది. కీర్తిసేనుడు కిరీటం చేతిలోకి తీసుకోగానే మధుసేనుడు అడ్డుపడ్డాడు. అందరి ముందూ పెద్దన్న వైపు తిరిగాడు.

"అన్నయ్యా, మీరు రాళ్లయ్యారని తెలిసి కూడా నేను ఇంటికే బయలుదేరాను. ఒక సముద్రం దాటాను కూడా."

 జయసేనుడు తమ్ముణ్ణి దగ్గరకు లాక్కున్నాడు.

"రాయిగా ఉన్నన్నాళ్లూ నాకొకటే ధ్యాస. చిన్నవాడు ఇంటి దగ్గర వేడివేడి అన్నం తింటుంటాడు కదా అని. రాయికి కూడా కళ్లు కుట్టాయిరా. పట్టం నువ్వే కట్టుకో. ఇన్నాళ్లూ నన్ను చూసి నువ్వు ఏడ్చావు, ఇక నా వంతు."

మధుసేనుడు సైకతితో కలిసి అరవై ఏళ్లు రాజ్యమేలాడు. ఆ అరవై ఏళ్లూ జయసేనుడు తమ్ముణ్ణి చూసి ఏడుస్తూనే ఉన్నాడట, పక్కనే కూర్చుని తింటూ.