వెంచరులో పుచ్చుకున్న తాంబూలం

నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. పాలవాడి చీటీ మీద తప్ప ఎక్కడా కలం పెట్టింది లేదు. నలుగురిలో మాట్లాడమంటే నాకు గొంతు పెగలదు. అందుకే మా వీధి పిల్లలకి చెప్పాలనుకున్న ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అనకాపల్లిలో మా వీధి చివర పిండిమర నడిపే నూకరత్నం ఎవరేమడిగినా వద్దు అని చెప్పలేకపోయేది. మర కట్టేసి తాళం వేశాక ఎవరైనా మిరపకాయలు తెచ్చి, "ఒక్క కేజీయే కదా రత్నం" అంటే మళ్ళీ తాళం తీసేది. చీరల మూటవాడు ఆమె అరుగు మీద మూట విప్పాడంటే ఒక చీర ఆ ఇంట్లో ఉండిపోవలసిందే.

"నీకెందుకే ఇన్ని చీరలు?" అని నేను అడిగేదాన్ని.

"పాపం, ఎండలో మూట విప్పేడు కదా వదినా" అనేది.

మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క ఇళ్ళలో ఉండడం వల్ల కలిసిన వరస అది.

ఆమె మరకున్న మోటరు బాగా పాతది. రెండు బస్తాలు ఆడేసరికి వేడెక్కి కాలిన వాసన కొట్టేది. ఇంక లోపలి తీగ మార్చి వైండింగు కట్టినా లాభం లేదని మెకానిక్కు చెప్పేశాడు. ఆమె భర్త దేముడు లారీ డ్రైవరు, బండి మీద పోతే వారాల తరబడి ఇంటికి రాడు. మర ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అందుకని నూకరత్నం కొత్త మోటరు కోసం కొంచెం కొంచెంగా బ్యాంకులో వేసుకుంది. అది తప్ప వాళ్ళ దగ్గర వేరే డబ్బు లేదు.

ఒకరోజు హేమసుందర్ అనే అతను శనగపిండి ఆడించుకోడానికి వచ్చాడు. ఇళ్ళ స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటు అతను. మోటరు వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

"కొత్తది కొంటాను బాబూ. డబ్బు బ్యాంకులో ఉంది" అంది నూకరత్నం. అలా చెప్పకుండా ఉండవలసింది.

"బ్యాంకులో పెడితే ఏం పెరుగుతుందక్కా? భూమి మీద పెట్టాలి. ఆదివారం మా వెంచరు చూడ్డానికి రండి. బస్సు మాది, భోజనం మాది."

"మోటరు కొనాలి కదా బాబూ."

"స్థలం కొనమని నేనన్నానా? చూడమన్నాను. తమ్ముడు పిలిస్తే చూడ్డానికి కూడా రారా?"

ఆ రోజు నుంచి అతని ఫోన్లు మొదలయ్యాయి. పప్పుకి పోపు వేస్తుంటే ఫోను. మర ఆడుతుంటే ఫోను. ఎత్తడం మానెయ్యమని నేను చెప్పాను. "ఏమనుకుంటాడో వదినా" అని ఎత్తేది. చివరికి వస్తానని ఒప్పుకుంది. ఒక్కతే వెళ్ళడానికి భయపడి నన్ను కూడా బస్సెక్కించింది.

వెంచరంటే పొలాన్ని ముక్కలు చేసి ఇళ్ళ స్థలాలుగా అమ్మే చోటు. అక్కడ పెద్ద కమాను కట్టారు. దాని వెనక ఎర్రమట్టి, సున్నం కొట్టిన రాళ్ళు, మోకాలెత్తు కొబ్బరి మొక్కలు ఉన్నాయి. పక్కనే పెద్ద రోడ్డు వస్తుందని హేమసుందర్ చెప్పాడు. ఎక్కడ బాబూ అని అడిగితే వేలితో జీడితోట వైపు చూపించాడు. నాకు జీడిచెట్లే కనబడ్డాయి.

భోజనం మాత్రం బాగా పెట్టారు. కొసరి కొసరి వడ్డించారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి పట్టుచీర కట్టుకున్న ఒకావిడ పళ్ళెంతో ఎదురొచ్చింది. నూకరత్నానికి బొట్టు పెట్టి, చేతిలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, రవికెల గుడ్డ పెట్టింది. షామియానాలో మైకు మోగింది.

"తూర్పు ముఖం ప్లాటుకి నూకరత్నం గారు తాంబూలం అందుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. ఎందుకో తెలియకుండానే నేనూ కొట్టేశాను.

నూకరత్నం కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హేమసుందర్ దగ్గరికొచ్చాడు.

"ఇంక అది మీదే అక్కా. రేపు పొద్దున్న నేనే వచ్చి బండి మీద బ్యాంకుకి తీసుకెళ్తాను. ముందు అడ్వాన్సు కట్టేద్దాం. రేపు దాటితే రేటు పెరిగిపోతుంది."

"ఇంట్లో ఆయనకి చెప్పాలి బాబూ."

"బావగారికి తర్వాత చెప్పి సంతోషపెట్టండి. నలుగురిలో తాంబూలం పుచ్చుకుని కాదంటే మీకేం బాగుంటుంది? మా మేనేజరు ముందు నా పరువేం కావాలి?"

తిరుగు బస్సులో నూకరత్నం ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"మా చెల్లికి తాంబూలాలు పుచ్చుకున్నాక ఆ సంబంధం వదులుకున్నాం వదినా. మా నాన్న ఏడాదిపాటు ఊళ్ళో తలెత్తుకోలేకపోయేడు. ఇప్పుడు నేను కాదంటే ఎలాగ?"

"మరి మోటరు?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. స్థలానికి పుచ్చుకున్న తాంబూలం కూడా పెళ్ళి తాంబూలం లాంటిదేనేమో అని నాకూ అనిపించింది.

సాయంత్రం మర తెరిచేసరికి మా వీధిలోనే ఉండే రోహిణి టీచరు అట్ల పిండికి నానబెట్టి ఆరబెట్టిన బియ్యం తెచ్చింది. నూకరత్నం అత్తగారు సన్యాసమ్మ అరుగు మీద మినుములు చెరుగుతోంది. కోడలి మొహం చూసి చాట పక్కన పెట్టింది.

"ఏటే, ఎవులేటన్నారు?"

నూకరత్నం జరిగినదంతా చెప్పింది. సన్యాసమ్మ నోరు నొక్కుకుని నవ్వింది.

"ఒసే ఎర్రిదానా, నీ పెళ్ళికి తాంబూలాలు పుచ్చుకునే ముందర మీ అయ్య ఏటి సేసేడో ఎరుగుదువా? మా ఊరొచ్చి మా నూతిలో నీళ్ళు తాగి సూసేడు. మా పక్కింటోళ్ళని అడిగేడు, కుర్రోడికి తాగుడుందా అని. కిల్లీ కొట్టోడిని కూడా అడిగేడు. అన్నీ అయ్యేకే తాంబూలం. మరి నువ్వు ఈళ్ళ గురించి ఎవుల్ని అడిగేవు?"

"ఎవర్నీ అడగలేదు అత్తా."

"అడగనిచ్చేరా?"

నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

"ఇంకోటి సెప్పు. ఆళ్ళు నీకిచ్చేరు. నువ్వు ఆళ్ళకి ఏటిచ్చేవు?"

"ఏమీ ఇవ్వలేదు."

"రెండు వైపులోళ్ళూ తాంబూలాలు మార్సుకుంటేనే పెళ్ళి నిశ్సయం. ఒకలిచ్చి ఒకలు పుచ్చుకుంటే పేరంటం. పేరంటానికెల్లి శనగలు తెచ్చుకున్నోళ్ళు ఆళ్ళ ఇల్లు కొనెయ్యాలా?"

రోహిణి టీచరు నవ్వాపుకోలేక బియ్యం గిన్నె కింద పెట్టేసింది. తర్వాత నూకరత్నం పక్కన కూర్చుంది.

"మీ అత్తగారు చెప్పిన వాకబే చట్టం కూడా చెయ్యమంటుంది. స్థలాలు, ఇళ్ళు అమ్మేవాళ్ళ మీద నిఘాకి రెరా అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ఇంత పెద్ద వెంచరు అమ్మాలంటే ముందు అక్కడ నమోదు చేయించి నంబరు తెచ్చుకోవాలి. అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేయించుకోవాలి. ఆ నంబర్లు అడగడం మీ హక్కు. మీరు సంతకం పెట్టలేదు, డబ్బు ఇవ్వలేదు. అతని బండెక్కి బ్యాంకుకి వెళ్ళాల్సిన పని మీకు లేదు."

"మీకివన్నీ ఎలా తెలుసు టీచరుగారూ?"

"మా అన్నయ్య ఇలాంటి చోటే ఇరుక్కుని నేర్చుకున్నాడు. చివరికి 1915కి ఫోన్ చేశాడు. అది కొనుక్కునేవాళ్ళ ఫిర్యాదులు వినే నంబరు. ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితాలు పెట్టాలో వాళ్ళే చెప్పారు."

"అడుగుతాను గానీ, అతని మొహం చూస్తే నాకు మాట రాదు టీచరుగారూ" అంది నూకరత్నం.

"మొహం సూడకు. బండి సూసి అడుగు" అంది సన్యాసమ్మ.

మర్నాడు పొద్దున్నే హేమసుందర్ బండి వచ్చి మర ముందు ఆగింది. నేను మా గుమ్మంలో ముగ్గు వేస్తున్నాను. చెయ్యి ముగ్గు మీద ఉంది గానీ చెవులు అక్కడే ఉన్నాయి.

"రెడీయా అక్కా? పాసుపుస్తకం తెచ్చుకోండి."

నూకరత్నం అత్తగారు చెప్పినట్టు బండి వైపే చూసింది.

"మీ వెంచరు రెరా నంబరు ఎంత బాబూ?"

అతను ఒక్క నిమిషం తెల్లబోయాడు. "అప్లై చేశాం అక్కా. వచ్చేస్తుంది."

"నువ్వు కూడా నమోదు చేయించుకోవాలంట కదా. చేయించుకున్నావా?"

"అవన్నీ ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు. ఇదేంటక్కా, నన్ను నమ్మరా? తాంబూలం కూడా పుచ్చుకున్నారు."

"అది పేరంటం బాబూ" అంది నూకరత్నం. చూపు బండి మీద నుంచి తిప్పలేదు. "నాకా స్థలం వద్దు. నా డబ్బు మోటరుకి."

ఆమె నోట వద్దు అన్న మాట వినడం నాకదే మొదలు.

హేమసుందర్ బండి దిగి అరుగు మీద కూలబడ్డాడు. నూకరత్నం లోపలికి వెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది.

"ఈ టీ ఇచ్చి నీ దగ్గర ఏ మాటా తీసుకోను, తాగు" అంది.

అతను గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాడు. "ఈ నెల నాకు ఒక్క బుకింగూ లేదక్కా. లేకపోతే జీతం ఇవ్వరు. మా సొంతక్క చేత కూడా ఇక్కడే కొనిపించాను. రిజిస్ట్రేషను ఎప్పుడురా అని రోజూ అడుగుతోంది. ఆవిడ ఇంటికి వెళ్ళడం మానేశాను."

నూకరత్నం అతని పక్కనే కూర్చుంది. తిట్టలేదు.

"ముందు మీ అక్క దగ్గరికి వెళ్ళు. ఆవిడకిచ్చిన రసీదులు జాగ్రత్తగా ఉంచమను. 1915కి ఫోన్ చేయించు. భయమైతే పక్కన నువ్వు కూర్చో."

అతను ఆ నంబరు ఫోనులో రాసుకున్నాడు. బ్యాంకు వైపు కాకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

బ్యాంకు తెరిచే వేళకి నూకరత్నం నన్ను కూడా పిలవకుండా ఒక్కతే వెళ్ళింది. డబ్బు తీసుకుని తిన్నగా మోటర్ల షాపుకి పోయింది. ఆ సంగతి సాయంత్రం తనే చెప్పింది. షాపాయన మంచి మోటరే చూపించి, "బిల్లు లేకుండా అయితే తగ్గించి ఇస్తానమ్మా. మనలో మనకి బిల్లెందుకు?" అన్నాడట. ఈమె అక్కడే బల్ల మీద కూర్చుని, "తగ్గించకండి. బిల్లు రాయండి, గ్యారంటీ కార్డు మీద ముద్ర వెయ్యండి. వేసేదాకా కూర్చుంటాను" అందట. ఆయన గొణుక్కుంటూనే రెండూ ఇచ్చాడట.

పిల్లలూ, ఎవరైనా అన్నం పెట్టినా, అక్కా అని పిలిచినా, తాంబూలమే ఇచ్చినా సరే, కొనే ముందు అన్నీ అడిగి తెలుసుకోవడం మన హక్కు, అక్కర్లేనిదాన్ని వద్దనడం ఎవరికీ మర్యాద తప్పడం కాదు.