కోటయ్య ముఖం ఎటు పోయింది?

ఊళ్ళో ఇంకెవరికి ఉన్నా లేకపోయినా బుర్ర తమకుందని బుర్రా వారి నమ్మకం. ఇంటిపేరే అందుకు సాక్ష్యం. ఆ ఇంటి పెద్ద కోటయ్య నూటపది కిలోల మనిషి. కూతురు సుభాషిణి పెళ్ళికి కుదుర్చుకున్న ఫొటోగ్రాఫరు ఆయన్ని చూసి, "మీరు ఒక్క ఫొటోలో పట్టరండీ" అని నవ్వాడు. ఇంకేముంది, కన్నకూతురి పెళ్ళి ఫొటోలో తాను సగమే పడతానని కోటయ్యకు దిగులు పట్టుకుంది. అన్నం మానేశాడు. నలభై రోజులు ఉలవకట్టు తాగి ముప్ఫై కిలోలు తగ్గాడు.

పొరుగింటి శేషమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "అదేంటన్నయ్యా, ముఖమంతా పీక్కుపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి" అంది.

ఎవరు పీక్కుపోయారో చెప్పమని కోటయ్య భార్య మాణిక్యమ్మ ముందు ఆవిడనే నిలదీసింది. తర్వాత టార్చిలైటు తెచ్చి మొగుడి నోరు తెరిపించి వెతికింది. లోపలికి పోయినవాటిని లోపలినుంచే తొయ్యాలని తేల్చి, చెంపకొకటి చొప్పున రెండు సున్నుండలు కుక్కింది. అంతే, బుగ్గలు బయటికొచ్చాయి. సున్నుండలు కరిగేసరికి మళ్ళీ పోయాయి.

పట్నం డాక్టరు చూసి, ఇంత తొందరగా తగ్గితే ముఖంలో కొవ్వు కూడా కరిగి చర్మం జారుతుందని చెప్పాడు. "వేళకు తింటూ ఉండండి. మీ ముఖం అదే తిరిగొస్తుంది" అన్నాడు.

అదే వస్తుందన్నాడు కదా. కోటయ్య క్యారియరు తీసుకెళ్ళి, వేళకు తింటూ బస్టాపులో కూర్చున్నాడు. వారమైనా ఏ బస్సులోనూ రాలేదు. ముఖం లేకుండా కన్యాదానం ఎలా చెయ్యాలని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దానికి మన ఊరి దారి గుర్తుందో లేదోనని మాణిక్యమ్మ బెంగపడింది.

పెళ్ళిరోజు పొద్దున్నే పురుగుమందుల ఏజెంటొకడు బస్సు దిగాడు. గుమ్మడిపండులాంటి ముఖం. కోటయ్య ఒక్క చూపులో పోల్చుకుని చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళిభోజనం అనగానే ఏజెంటు వెంట నడిచాడు. అంతే, అతన్ని పీటల మీద కూర్చోబెట్టి కన్యాదానం చేయించేశారు. అప్పగింతల్లో సుభాషిణి ఆ బుగ్గలు చూసి, నాన్న మళ్ళీ మునుపటిలా అయ్యాడని ఆనందంతో ఏడ్చింది. సాంబారు బకెట్టుతో దూరంగా నిలబడ్డ కోటయ్యకు గుండె నిండిపోయింది.

తర్వాత ఆల్బమ్ వచ్చింది. అందులో కోటయ్య ఎక్కడా లేడు. ఆయన ఒక్కో పేజీ తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసుకున్నాడు.

"చూశావటే మాణిక్యం, ఒక్క ఫొటోలో ఎంత చక్కగా పట్టానో" అన్నాడు.