భుజాలమ్మ మలుపు మహిమ

ఈ చిన్న పుస్తకం అట్ట మీద నా పేరు అమ్మవారి పేరు కంటే నూలుపోగంత చిన్నగా వేయించాను. ప్రెస్సువాళ్ళు ఇంకా తగ్గిద్దామన్నా, భక్తులు వెతుక్కుని కళ్ళు పాడుచేసుకుంటారని నేనే ఒప్పుకోలేదు. పరోపకారం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం.

గుమ్మడిగెడ్డ కనుమ ఎక్కే బస్సులన్నీ ఏడో మలుపులో ఆగుతాయి. అక్కడ ఏనుగంత నల్లరాయి రోడ్డు మీదికి భుజం చాచినట్టు ఉంటుంది. అదే భుజాలమ్మ తల్లి. గోపురం లేదు, తలుపు లేదు. పసుపు, కుంకుమ, రెండు పూటలా హారతి, అంతే.

పూర్వం ఇక్కడ బండిబాట మాత్రమే ఉండేది. కొండ అవతలి జమీందారు కోట మీదికి తెల్లదొరల పటాలం బయలుదేరింది. దాని నాయకుడు కెప్టెన్ థార్న్‌బీ, మనవాళ్ళ నోట తారంబి దొర. వాళ్ళ పెద్ద ఫిరంగి ఈ మలుపులో రాతికీ గోతికీ మధ్య ఇరుక్కుంది. రెండు రోజులు లాగి ఎద్దులు కూలబడ్డాయి. అరవైమంది సిపాయిలు తోశారు. దొర గుర్రం మీద నుంచి అరిచాడు. ఫిరంగి కదల్లేదు. చివరికి రాతిని పేల్చేయమన్నాడు. సిపాయిలు తొర్ర తొలిచి మందు కూరారు.

తక్కిన క్షేత్రాల్లో అమ్మవారు కలలోకి వచ్చి ఆనతిస్తుంది. ఇక్కడ అంత వ్యవధి లేదు. మేకలు కాసుకునే పాంగి కాసమ్మ పట్టపగలే వచ్చి రాతికి వీపు ఆనించి కూర్చుంది.

“లే ముసిలీ! ముక్కలైపోతావు,” అన్నాడు దుబాసీ.

“అవనీ. మా తాతల నాటి తల్లి ముక్కలయ్యాక నేనుంటే ఏటి, నేకపోతే ఏటి? ఒకపాలి మీ దొరనడుగు బాబూ. ఇంతమంది తోస్తన్నారు గదా, ఆయన భుజానికేటైనా దెబ్బ తగిలిందా?”

దుబాసీ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. దొర మొహం మిరపపండయింది.

“నేను తోసినా కదలకపోతే?” అని అడిగించాడు.

“అప్పుడు నన్నూ తల్లినీ కలిపి పేల్చెయ్యి.”

దొర గుర్రం దిగాడు. టోపీ, కోటు తీసి చక్రానికి భుజం ఆనించాడు. అరవడానికి ఊపిరి చాలక నోరు మూశాడు. అరవై ఒక్క భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఫిరంగి గోతిలోంచి లేచి, రాతిని రాసుకుంటూ మలుపు దాటింది! కనుమంతా కేకలు. దొర దగ్గరుండి తొర్రలోని మందు తీయించి, రాతికి నుదురు ఆనించాడు. ఫిరంగి కోటకు చేరేసరికి అక్కడ సంధి జరిగిపోయింది. ఒక్క గుండూ పేలలేదు.

అరుపులు ఆగాయి కాబట్టే అందరూ ఒకే ఊపున తోశారనే హేతువాదులున్నారు. ఆ అరుపులు ఆపించిందెవరో వాళ్ళే చెప్పాలి.

ఇరవై ఏళ్ళకు తారంబి దొర సముద్రాల అవతల ఒక రాష్ట్రానికి గవర్నరయ్యాడు. ప్రమాణ స్వీకారానికి వెళ్తుండగా దారిలో ఎవరిదో ఉన్నిబండి బురదలో దిగబడి ఉంది. ఈకల టోపీ బంట్రోతు చేతికిచ్చి భుజం పట్టాడు. బురద బట్టలతోనే ప్రమాణం చేస్తే ఊరంతా జేజేలు కొట్టింది. అప్పుడు తీసిన ఫొటో ఒకటి కాసమ్మ పేరున ఇక్కడికి వచ్చింది. వెనుక ఒకటే మాట: “ఇదీ కదిలింది.”

నేటికీ ఇక్కడ కలెక్టరైనా, కొత్త పెళ్ళికొడుకైనా తన బండి దిగి పరాయివాళ్ళ బండిని తొమ్మిది అడుగులు తోయాలి. నోరు మెదపకూడదు. అలా తోసినవారికి నిలిచిపోయిన పనులు కదులుతాయి. ముప్ఫయ్యేళ్ళుగా నేనూ తోస్తున్నాను, నావీ చాలా కదిలాయి. పక్కవాడికి ఎలా తోయాలో చెప్పకుండా తోయడం మాత్రం నాకింకా రాలేదు.