అప్పలనర్సమ్మ చీర

తవిటయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. దేవుడున్నాడా అని అడిగినవాణ్ణి బావిలో పూడిక తియ్యమన్నారు. కోపం తగ్గే మార్గం అడిగిన ప్లీడరుగారి చేత తట్టెడు మినుముల్లో రాళ్ళు ఏరించారు. అంచేత కొండ కింద ఆ చిన్న ఆశ్రమానికి వచ్చేవాళ్ళు నోరు విప్పేముందు కాస్త వెనకా ముందూ చూసుకుంటారు.

కూర్మారావు చూసుకోలేదు. ఆ గుణమే ఉంటే మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, నాలుగో రోజున 'న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ శిక్షకుడు' అని కార్డులు అచ్చు వేయించుకునేవాడు కాదు. ఆ పేరు కార్డులో ఒక వరసకి పట్టక రెండో వరసలోకి దిగింది. దాని సారమేమిటో అతను ఎవరికైనా రెండు నిమిషాల్లో చెప్పగలడు. చెప్పకుండా ఉండటమే అతనికి చేతకాదు. పనిలో ఆరితేరిన మనిషిని ఒకణ్ణి ఎంచుకో. ఎలా నిలబడతాడు, ఎలా ఊపిరి పీలుస్తాడు, ఏ మాట ఏ గొంతుతో అంటాడు, ఆ సమయంలో మనసులో ఏం చూసుకుంటాడు, అన్నీ రాసుకో. రాసుకున్నవన్నీ నువ్వూ చెయ్యి. పని జరిగాక ఒక్కొక్కటే తీసేసి చూడు. ఏది తీసేస్తే పని చెడుతుందో అదీ అసలు సరుకు. తక్కినదంతా ఆ మనిషి వాటం. ఈ చివరి ముక్క మూడో రోజు భోజనాలయ్యాక చెప్పారు. అప్పటికి కూర్మారావు కునుకు తీస్తున్నాడు గానీ, పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకున్నాడు.

ఆశ్రమానికి వచ్చిన అయిదో రోజు మధ్యాహ్నం మాస్టారి ముందు కూర్చుని అడిగేశాడు.

"మాస్టారూ, ఒకరి నేర్పుని ఈ పద్ధతిలో పట్టి ఇంకొకరికి ఇవ్వవచ్చంటారా? సోమవారం నలభైమందికి నా మొదటి క్లాసు. మీరు ఊఁ అంటే ధైర్యంగా చెబుతాను."

మాస్టారు చేతిలోని విసనకర్ర పక్కన పెట్టారు. "చుక్కమ్మ నిన్నటినుంచి పాలివ్వడం లేదు. వెళ్ళి పితుకు నాయనా."

చుక్కమ్మ ఆశ్రమం గేదె. నెల కిందట దూడ పోయింది. అప్పణ్ణుంచి అప్పలనర్సమ్మ చేతికి తప్ప ఎవరికీ పాలు చేపడం లేదు. ఆ అప్పలనర్సమ్మ నిన్న పొద్దున పాలు పితికి, కూతురి పురుడని బొబ్బిలి బస్సెక్కింది. నిన్న సాయంత్రం పితికినవాళ్ళు లేరు, ఇవాళ పొద్దున మాస్టారు ప్రయత్నిస్తే మోకాలు వాచింది. పశువుల డాక్టరుకి ఫోను చేస్తే, చీకటి పడేలోగా పాలు దింపకపోతే పొదుగు వాస్తుందనీ, ఒకటో రెండో చన్నులు ఎండిపోయినా పోవచ్చనీ చెప్పాడు.

కూర్మారావు మొహం వికసించింది. పితకడం అతనికి చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో అలవాటే. పైగా నాలుగు రోజులుగా అతను నమూనాగా ఎంచుకున్న ఆరితేరిన మనిషి అప్పలనర్సమ్మే. పూటపూటా గేదె పాక బయట కూర్చుని పద్నాలుగు అంశాలు రాశాడు.

"ఏటి బాబూ, అలాగ రాసేత్తన్నావు? నా మీద కేసేటైనా పెడతావేటి?" అని ఆవిడ ఒకసారి అడిగింది కూడా.

"నీ రహస్యమేమిటమ్మా?"

"రగస్యమేటుంటాది? నాను రాలేని రోజున ఎవులైనా నా సీర కట్టుకుని ఎల్లాల. లేపోతే దగ్గిరికి రానీదు."

అదే మొదటి అంశం. ఆవిడ పాత చీర పాక వాసానికే వేలాడుతోంది, ఉతకని వాసనతో సహా. కూర్మారావు ప్యాంటు మీదే దాన్ని చుట్టుకుని కొంగు దోపుకున్నాడు. తలకి కొబ్బరినూనె రాసుకున్నాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచాడు. డొక్క మీద రెండు చరుపులు చరిచి, శిక్షణలో నేర్పిన గంభీరమైన గొంతుతో "ఓలమ్మా, ఇలాగ తిరగవే తల్లీ" అన్నాడు.

చుక్కమ్మ మెడ తిప్పి, దొంగ సంతకాన్ని బ్యాంకు గుమాస్తా చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది. అతను చన్ను పట్టుకోగానే తన్నింది. బాల్చీ గోడకి కొట్టుకుంది.

అతను బయటికొచ్చి నోటుబుక్కు చూసుకున్నాడు. ఏడో అంశం తప్పింది. ఆవిడ కూర్చునేముందు పొడి దగ్గు ఒకటి దగ్గుతుంది. మళ్ళీ లోపలికెళ్ళి దగ్గాడు. ఈసారి తన్ను తొడకి తగిలింది. గిట్టకి కుచ్చిళ్ళు తగులుకుని చీర మొత్తం ఊడొచ్చింది. చుక్కమ్మ దాన్ని పేడలోకి తొక్కి దాని మీదే నిలబడింది.

కూర్మారావు గోడవారన చతికిలబడ్డాడు. అప్పుడు కనిపించింది అతనికి పొదుగు. రాయిలా బిగిసి, నరాలు తేలి, ఎర్రగా ఉంది. గేదె వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. పడుకోబోయి నొప్పికి మళ్ళీ లేచింది. దాని కళ్ళలో తడి అంతకు ముందూ ఉందేమో, అతను రాసుకోలేదు. "నా క్లాసు పాడుగానూ, నిన్ను ఎంత బాధ పెట్టానే" అన్నాడు. అది అతని సొంత గొంతు.

తర్వాత ఏమీ చెయ్యలేదు. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు కూడా. ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అతను కదిలినప్పుడల్లా దాని డొక్క మీది చర్మం జలదరిస్తోంది. కదలకపోతే సద్దుమణుగుతోంది. మెల్లగా చెయ్యి ఆనించాడు, జలదరించింది, తీసేశాడు. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ తీసేశాడు. అలా ఎన్నిసార్లో అతనికి తెలీదు. గుమ్మంలోంచి పడే ఎండ గడ్డిమోపు దాటి గోడెక్కింది. నిక్కబొడుచుకున్న చెవులు వాలాయి. చుక్కమ్మ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి వేస్తే చర్మం కదల్లేదు. పొదుగు మెత్తబడింది. బాల్చీ అడుగున మొదటి ధార మోగింది.

పొద్దుగుంకే వేళకి బాల్చీతో, పేడతో, చిరిగిన బనీనుతో మాస్టారి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. రెండో చేతిలో నోటుబుక్కుంది.

"దొరికింది మాస్టారూ! నెమరు! నెమరు వేసేదాకా చెయ్యి వెయ్యకూడదు. పదిహేనో అంశంగా చేర్చాను."

"పొదుగెలా ఉంది?"

"దూదిలా ఉందండీ."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నోటుబుక్కు అందుకుని మొదటి పేజీ తిప్పారు. "ఒకటి, చీర," అని పైకి చదివారు.

"అవునండీ. అది లేకపోతే దగ్గరికి రానివ్వదని ఆవిడే చెప్పింది."

మాస్టారు పాక వైపు చూశారు. గుమ్మంలోంచి చుక్కమ్మ కాళ్ళూ, వాటి కింద పేడలో కూరుకుపోయిన చీర అంచూ కనిపిస్తున్నాయి. కూర్మారావు కూడా అటు చూశాడు. అతని చెయ్యి అప్రయత్నంగా నడుం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ప్యాంటు తప్ప ఏమీ లేదు.

మాస్టారు నోటుబుక్కు మూసి అతని చేతిలో పెట్టారు.

"శుభ్రంగా ఉతికి ఆరెయ్యి నాయనా. సోమవారం నలభైమందికి కట్టాలి కదా."